చెల్లెలి ఎగిరే ఎలుక

ఆ జంతువంటే నాకు మొదటి రోజు నుంచీ గిట్టదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. పెంపుడు జంతువుల గురించి రాసేవాళ్ళు మొదట విసుక్కున్నామనీ, తర్వాత ఆ మూగప్రాణి తమ మనసు కరిగించిందనీ రాస్తుంటారు. నా మనసు ఏమీ కరగలేదు. అది మా ఇంట్లో ఉన్న తొమ్మిది రోజులూ దాన్ని భరించాను. ఆ భరించడం కూడా నాకు సరిగ్గా చేతకాలేదు. నేను చెప్పబోయేది అదే.

నేను మదనపల్లెలో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. ఇరవై మూడేళ్ళుగా అదే పని. కంగారూ బొమ్మ వచ్చినప్పుడు, పొట్ట దగ్గర సంచి ఉండి అందులో పిల్లను పెంచుకునే జంతువులు ఆస్ట్రేలియా వైపు చాలా ఉన్నాయని చెప్పి, పేజీ తిప్పేస్తాను. పరీక్షలో అంతకంటే అడగరు. వాటిలో ఒకటి మా ఇంటి కర్టెన్ కడ్డీ మీద కూర్చుని నన్ను గుడ్లప్పగించి చూస్తుందని కలలో కూడా అనుకోలేదు.

అది మా చెల్లెలిది. చెల్లెలు నాకంటే ఆరేళ్ళు చిన్న. పెళ్ళి చేసుకోలేదు. చేసుకోలేదు అనడం మా ఇంట్లో అలవాటు. నిజానికి చేసేవాళ్ళు లేకపోయారు. ఆమెకు సంబంధాలు చూడాల్సిన వయసులో నాన్నకు పక్షవాతం వచ్చింది. పుంగనూరు ఇంట్లో ఏడేళ్ళు మంచం పట్టాడు. ఎత్తి కూర్చోబెట్టడం, తుడవడం, తినిపించడం అన్నీ ఆమే చేసింది. నేను ఆదివారాలు మదనపల్లెలో బస్సెక్కి పోయి, దానిమ్మపళ్ళు ఇచ్చి, ఇలా పడుకోబెట్టాలి అలా పడుకోబెట్టాలి అని సలహాలు ఇచ్చి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేదాన్ని. నాకు మొగుడూ కూతురూ ఉద్యోగమూ ఉన్నాయి కదా. నాన్న పోయాక అమ్మ నా దగ్గరికి వచ్చింది. చెల్లెలు కుప్పంలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌లో చేరి, అక్కడే చిన్న ఇల్లు తీసుకుంది. నా దగ్గరికి రమ్మని నేను గట్టిగా పిలవలేదు.

కుప్పం నుంచి బెంగళూరుకు రైళ్ళు ఎక్కువ. అలా ఒక సెలవు రోజు పోయి, అక్కడ జంతువులమ్మే అంగట్లో ఒక జతను కొనుక్కొచ్చింది. షుగర్ గ్లైడర్లట. ఆమె ఫోన్లో ఆ పేరు చెప్పినప్పుడు ఏదో షుగరు మాత్ర అనుకున్నాను. వాటికి ఆమె ముద్దుపేర్లు కూడా పెట్టుకుంది. ఆ పేర్లు ఆమెవి, నేను రాయను. నేను మాత్రం ఎగిరే ఎలుకలు అన్నాను, అమ్మా అదే అన్నది.

ఎలుక కాదని నాకు తెలుసు. జీవశాస్త్రం చెప్పే మనిషిని, ఆ మాత్రం తెలియదా. తెలిసే అన్నాను. అరచేతిలో పట్టేంత ఒళ్ళు, బూడిద రంగు బొచ్చు, నుదుటి నుంచి తోక మొదలు దాకా ఒక నల్లటి చార. ముఖానికి మించిన కళ్ళు. ముందుకాలి మణికట్టు నుంచి వెనకకాలి మడమ దాకా రెండు వైపులా మడతపడిన చర్మం. దూకినప్పుడు కాళ్ళు నాలుగూ చాపితే ఆ చర్మం చేతిరుమాలంత విచ్చుకుంటుంది, దాని మీద గాలిలో జారుకుంటూ పోతుంది. పక్షిలా రెక్కలాడించి ఎగరదు, పైనుంచి కిందికి తేలుతుంది. కుప్పంలో మొదటిసారి బీరువా మీద నుంచి నా భుజం మీదికి అలా వచ్చి వాలింది. నేను కేక వేసి చేతిలోని గ్లాసు వదిలేశాను. మా చెల్లెలు నవ్వింది. నాన్న పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు. అయినా నాకు కోపమే వచ్చింది.

పగలంతా ఉండలా చుట్టుకుని నిద్ర, పొద్దుగూకితే గొడవ. అడవిలో అయితే చెట్టు తొర్రలో పదీ పన్నెండూ కలిసి ఒకదాన్నొకటి హత్తుకుని పడుకుంటాయట, తోకతో ఆకులు చుట్టి పట్టుకుపోయి లోపల పరుచుకుంటాయట. చెట్టు బెరడు గీకి జిగురు తాగడం, పూలలో తేనె నాకడం, పురుగులు తినడం వాటి పని. బొప్పాయి ముక్క ఇస్తే నమిలి రసం మింగి, పిప్పి మన మీదే ఉమ్ముతుంది. భయమేస్తే కిక్కు తన్నినా స్టార్టు కాని పాత స్కూటర్ లాంటి చప్పుడు చేస్తుంది. ఒంటరిగా ఉంటే కుక్కపిల్లలా మొరుగుతుంది. మగదానికి నెత్తి మీద బట్టతల, అక్కడి నుంచి వాసన వస్తుంది, ఆ వాసన తన వాళ్ళందరికీ పూస్తుంది. మా చెల్లెలి దుప్పట్లు, చున్నీలు, జుట్టు, అన్నీ ఆ వాసనే. ఆడదానికి పొట్ట దగ్గర సంచి. ఆమె వేలితో బొచ్చు పక్కకు తప్పించి చూపించబోతే నేను ముఖం తిప్పుకున్నాను.

వీటి మీద ఆమెకు ఉన్న శ్రద్ధ చూసి నాకు ఒళ్ళు మండేది. ల్యాబ్ నుంచి రాగానే మెడలో ఒక గుడ్డసంచి వేలాడేసుకుని, అందులో రెంటినీ వేసుకుని, పైన చున్నీ కప్పుకుని వంట చేసేది. ఒంటి వెచ్చదనం తగలాలట, లేకుంటే దిగులు పడతాయట. దిగులు ఎక్కువైతే సొంత తోక కొరుక్కుంటాయట. వాటి తిండి కోసం పట్టు తీసే చోట్లకు పోయి, గూళ్ళు ఉడకబెట్టి దారం తీశాక మిగిలే పురుగులు అడిగి తెచ్చి, వేయించి డబ్బాలో పెట్టేది. ఆ డబ్బా మూత తీస్తే నేను వీధిలోకి పోయి నిలబడేదాన్ని.

నా కూతురి పెళ్ళికి వచ్చింది. ముహూర్తం అయిపోయి, బంధువులు భోజనాలకు కూర్చునే వేళకు బ్యాగు భుజాన వేసుకుంది. అవి రెండే ఉంటాయి, చీకటి పడేలోపు పోవాలి అంది. పెళ్ళికూతురికి సొంత పిన్ని, వడ్డన దగ్గర నిలబడాల్సిన మనిషి. నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. పదిమంది వింటుండగా అన్నాను, నువ్వూ పెళ్ళి చేసుకుని ఉంటే ఈ ఎలుకల కోసం పరిగెత్తే పని ఉండేది కాదు అని. ఆమె నా వైపు చూసింది. తర్వాత అమ్మ కాళ్ళకు మొక్కి వెళ్ళిపోయింది. నేను ఆ మాటకు క్షమాపణ అడగలేదు. అడగాలని అనిపించలేదు కూడా, అప్పట్లో.

ఆ తర్వాతి ఎండాకాలం మగది చచ్చిపోయింది. జబ్బు పడగానే దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుప్పం నుంచి పుంగనూరు దాకా బస్సులో తెచ్చింది. అక్కడి పశువుల డాక్టరు మా నాన్న స్నేహితుడి కొడుకు. ఆవులకూ గొర్రెలకూ సూదులు వేసే మనిషి, అయినా పుస్తకాలు చదివి తనకు తోచింది చేశాడట. అది బతకలేదు. ఆ రోజు నుంచి మిగిలిన ఆడదాన్ని ఆమె అసలు వదిలేది కాదు. తోడు లేకుంటే ఉండలేని జాతి, ఇక తోడు నేనే అనేది.

మార్గశిరంలో కుప్పం రైల్వే ప్లాట్‌ఫాం మీద జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. బెంగళూరులో ఆపరేషను, రెండు వారాలు ఆస్పత్రి. నేను వచ్చి ఉంటానంటే వద్దంది. తనతో ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయి ఉంటుందట. ఒక్క పని చేసిపెట్టు చాలు అంది. ఏ పనో నాకు తెలిసిపోయింది. అక్క అవసరం ఆమెకు లేదు, ఎలుకకు ఉంది.

కుప్పం పోయి, ఆ ఇంటి తాళం తీసి, ఆ సంచి మెడలో వేసుకుని బస్సెక్కాను. ఒక చేతిలో పంజరం, ఇంకో చేతిలో పురుగుల డబ్బా. పలమనేరు దాటాక అది నా జాకెట్టు తడిపేసింది. పక్క సీటు ఆమె ఏమిటమ్మా అది అని అడిగితే ఉడత అని చెప్పాను. పుంగనూరు బస్టాండులో సంచిలోంచి తల బయట పెట్టింది. బస్సులో సగం మంది లేచి వచ్చి చూశారు. ఒకాయన ఫోటో తీసుకున్నాడు. ఇంటికొచ్చేసరికి మా చెల్లెలి మీద నాకున్న పాత కోపాలన్నీ తాజాగా తయారయ్యాయి.

ఆస్పత్రి మంచం మీద నుంచి ఆమె ఫోన్లో అన్నీ చెప్పింది. రోజూ పురుగులు గానీ గుడ్డు గానీ తప్పకుండా పెట్టాలి. రోజుకు రెండు గంటలైనా ఒంటిమీద వేసుకోవాలి. పంజరం వంటింటి పక్కన ఉంచాలి, చలి తగలనివ్వకూడదు. తల్లిదండ్రులు వచ్చి మా పిల్లవాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టండి అంటే నేను ఎలా ఊ కొడతానో, అలాగే ఊ కొట్టాను.

మా ఇంట్లో అది ధనుర్మాసం. అమ్మ ఆ నెలంతా తెల్లవారక ముందే లేచి స్నానం చేసి, పొద్దు పొడవకముందే దేవుడికి పొంగలి నైవేద్యం పెడుతుంది. పైగా మా ఆయన అయ్యప్ప మాల వేసుకుని ఉన్నాడు. ఆ వారమే శబరిమలకు బయలుదేరి పోయాడు. ఇంట్లో గుడ్డు పేరెత్తడానికి లేదు. ఇక పట్టుపురుగులా. డబ్బా చూసి అమ్మ దాన్ని గోడ అవతల పారబోయించింది. దానికేం, అరటిపండు తినదా, బొప్పాయి తినదా, మనతో పాటు అదీ ఒక నెల నియమంగా ఉంటుంది అంది. నేను నవ్వాను. ఒక జంతువుతో ధనుర్మాస వ్రతం చేయిస్తున్నామని చెల్లెలికి చెబితే ఎలా ఉంటుందో అనుకుని నవ్వుకున్నాను. చెప్పలేదు. ఫోన్ చేసినప్పుడల్లా అన్నీ పెడుతున్నామనే చెప్పాను.

మెడలో సంచి వేసుకోవడం రెండు రోజులు చేశాను. మూడో రోజు స్కూల్లో ఒక టీచరు ముక్కు ఎగబీల్చి ఏమిటీ వాసన అంది. దాంతో మానేశాను. ఒంటిమీద లేకపోయేసరికి అది మొరగడం మొదలుపెట్టింది. చీకటి పడ్డాక కాసేపు మొరగడం, ఆగడం, మళ్ళీ మొరగడం. అమ్మకు నిద్ర లేదు, నాకు నిద్ర లేదు. ఎనిమిదో రోజు సాయంత్రం ఇక నావల్ల కాక పంజరం ఎత్తుకుపోయి వరండాలో పెట్టాను. ఇనుప గ్రిల్లే తప్ప గోడలేని వరండా. మదనపల్లె చలి తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ వారం పొద్దున ఎనిమిదైనా మంచు విడవలేదు. పైన ఒక గోనెపట్టా కప్పాను. తలుపు వేసుకున్నాక మొరుగుడు వినపడలేదు. హాయిగా పడుకున్నాను.

మరునాడు ఆదివారం. ఐదింటికి అమ్మ ముగ్గు వేయడానికి తలుపు తీసి, నన్ను పిలిచింది. పంజరంలో వేలాడే గుడ్డసంచిలో అది ఉండలా చుట్టుకుని ఉంది. వేలితో పొడిచాను. కదలలేదు. బయటికి తీశాను. వంకాయంత చల్లగా ఉంది, ముక్కు తోకలో దూర్చుకుని బిగుసుకుపోయింది. ఊపిరి ఆడుతోందేమోనని కళ్ళజోడు అద్దం ముక్కు దగ్గర పెట్టి చూశాను. ఆ మంచులో అద్దం ముందే మసకబారి ఉంది. ఇక అంతే అనుకున్నాను. ఆ క్షణంలో నాకు బాధ కలగలేదు. చెల్లెలికి ఏం చెప్పాలిరా దేవుడా అని విసుగు కలిగింది.

స్టవ్ దగ్గరికి పోయి కాఫీ పెట్టబోయాను. అది తాగితే గానీ నాకు బుర్ర పనిచేయదు. అమ్మ లైటరు లాక్కుంది. మా ఇళ్ళలో శవం ఇంట్లో ఉండగా పొయ్యి వెలిగించరు. శవం గడప దాటి, అందరూ తలస్నానాలు చేశాకే మంట. అది మనుషులకమ్మా అన్నాను.

“మన సేతి తిండి తినింది, మన కప్పు కింద పండుకునింది. మనిషికో లెక్క, దానికో లెక్క యాడుండాది మే? ముందు దాన్ని తీసకపో. పొద్దు పొడిస్తే నైవేద్యం తప్పిపోతాది.”

తొమ్మిది రోజులు దాన్ని ఎలుక అన్న అమ్మ, చచ్చాక మనిషిని చేసింది. నాకు వాదించే ఓపిక లేదు. నాకు కాఫీ కావాలి, అమ్మకు పొంగలి కావాలి. పెరట్లో బొప్పాయి చెట్టు పక్కన గడ్డపారతో మూరెడు గుంట తీశాను. పాత టవల్లో చుట్టి, ఆ ఉండను ఉండగానే లోపల పెట్టి, మట్టి కప్పాను. అమ్మ ఒక చెంబు నీళ్ళు పోసింది. ఇద్దరం తలస్నానం చేశాం. పొద్దు పొడవక ముందే పొంగలి అయింది, నైవేద్యం అయింది. వంటిల్లంతా నెయ్యీ మిరియాల వాసన, పొయ్యి వేడికి కిటికీ అద్దాల మీద ఆవిరి. నేను రెండు గ్లాసుల కాఫీ తాగాను.

తొమ్మిదింటికి పుంగనూరు డాక్టరుకు ఫోన్ చేశాను. దాన్ని కాపాడటానికి కాదు. చెల్లెలికి చెప్పడానికి ఒక జబ్బు పేరు కావాలి. డాక్టరు చెబితే ఆమె నమ్ముతుంది, నన్ను అనుమానించదు. పొద్దున చూస్తే చల్లగా బిగుసుకుపోయి ఉంది అన్నాను, పాతిపెట్టిన సంగతి చెప్పలేదు. చుట్టుకుని ఉందా, చాపుకుని ఉందా అని అడిగాడు. చుట్టుకుని ఉంది అన్నాను. ఏం తింటోంది అని అడిగాడు. పళ్ళు అన్నాను. రాత్రి ఎక్కడుంది అని అడిగాడు. చెప్పాను.

“చలికి, తిండి చాలనప్పుడు అవి అలా అయిపోతాయమ్మా. ఒళ్ళు చల్లబరుచుకుని మొద్దుబారిపోతాయి, ప్రాణం పోయినట్టే ఉంటుంది. గంటా రెండు గంటలు వెచ్చగా పొయ్యి పక్కన పెట్టి చూడండి, లేస్తుంది.”

శీతాకాల సుప్తావస్థ. కప్ప బొమ్మ. ప్రతి ఏడాదీ బోర్డు మీద రాస్తాను, నిర్వచనం బట్టీ పట్టమంటాను, రాయని పిల్లలను నిలబెడతాను. నా చేతిలో చల్లగా ఉండచుట్టుకుని ఉన్నదాన్ని చూసి ఆ మాట నాకు ఒక్కసారి కూడా తోచలేదు. అమ్మ పొయ్యి వెలిగించి ఉంటే, అది వంటింట్లో ఒక మూల ఉండి ఉంటే, పొంగలి ఉడికేలోపు లేచి కూర్చునేది.

గడ్డపార వెతకలేదు, చేతులతోనే తవ్వాను. గోళ్ళు విరిగాయి. పొద్దుటి గాలి కంటే మూరెడు లోతున మట్టి వెచ్చగా ఉంటుంది, అది కూడా నేను పిల్లలకు చెప్పేదే. నేను చుట్టిన టవల్ ఒక వైపు చీలి ఉంది. నేను ఉండలా పెట్టినది, కాళ్ళు నాలుగూ చాపుకుని, ఆ మడతల చర్మం మొత్తం విప్పుకుని, బోర్లా ఉంది. నోటి నిండా మట్టి. ఇంకా వెచ్చగానే ఉంది. స్టవ్ వెలిగించి, దాన్ని గుడ్డలో పెట్టి మంట పక్కన అరగంట పట్టుకుని కూర్చున్నాను. ఈసారి అది నిజంగానే చచ్చిపోయింది.

అమ్మ గడపలో నిలబడి అంతా చూసింది. ఆమె ముఖం నల్లబడిపోయింది. కానీ ఆమె అన్న మాట, సెల్లికి సెప్పొద్దు మే అని. పొరపాటు మనదని తెలిస్తే ఆ పిల్ల మళ్ళీ మన గడప తొక్కదు అంది. అమ్మ మీద అరిచాను. నీ పొంగలి, నీ నైవేద్యం అని అరిచాను. వరండాలో పెట్టింది నేనని, పళ్ళతో సరిపెట్టింది నేనని, అబద్ధాలు చెప్పింది నేనని అమ్మ గుర్తు చేసి ఉంటే నాకు బాగుండేది.

ఆ సాయంత్రం ఫోన్ చేసి, నిద్రలోనే పోయింది అని చెప్పాను. చెల్లెలు ఏడవలేదు. నేను వదిలిపెట్టి వచ్చినందుకే పోయింది అంది. తోడు లేకుండా ఉండలేక పోయింది. నీ తప్పు కాదులే అక్కా, పరాయి ఇంట్లో దానికెంత చేసినా అది నన్నే వెతుక్కుంటుంది అంది. నన్ను ఓదార్చింది. నా జన్మలో నేను అంత అసహ్యంగా ఎప్పుడూ నాకు కనిపించలేదు.

కాలు కట్టుతో కుప్పం చేరాక కూడా రోజూ అదే మాట. నేను పోకుండా ఉండాల్సింది. ఆపరేషను కుప్పంలోనే చేయించుకుని ఉంటే రోజూ తెప్పించుకుని చూసేదాన్ని. నన్ను వెతికీ వెతికీ పోయింది. ఆమె సరిగ్గా తినడం లేదని ఆ ల్యాబ్ అమ్మాయి నాకు ఫోన్ చేసి చెప్పింది. నా తప్పును నెత్తిన వేసుకుని ఆమె చిక్కిపోతోంది, నేను ఇక్కడ కూర్చుని ఊ కొడుతున్నాను. నెల రోజులు ఓర్చుకున్నాను. ఇక చెప్పేయాలని నిర్ణయించుకున్నాను. ఆమె నన్ను తిడుతుంది, తిట్టనీ. ముఖం చూడనంటుంది, అననీ. ఆ భారం మాత్రం ఆమె మీద నుంచి దిగిపోతుంది. జీవితంలో ఒక్కసారైనా ఆమె కోసం ఒక పని చేసినదాన్నవుతాను. అమ్మకు చెప్పకుండా, స్కూలుకు సెలవు పెట్టి, నాలుగు రోజులుండి ఆమెకు వండిపెడదామని బట్టలు సర్దుకుని కుప్పం పోయాను.

మధ్యాహ్నం భోజనం అయ్యాక చెప్పాను. ఆమె మంచం మీద, కాలు దిండు మీద పెట్టుకుని ఉంది. నేను కింద కూర్చున్నాను. దేన్నీ దాచలేదు. అరటిపండ్లు, వరండా, పొయ్యి, బొప్పాయి చెట్టు, చీలిన టవల్, అన్నీ చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె కిటికీ వైపు చూస్తూ ఉంది. అది దిగులుతో పోలేదు, నీ కోసం వెతుక్కుని పోలేదు, చలికి మొద్దుబారి మళ్ళీ లేచింది, దాన్ని చంపింది నేను, నీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు అన్నాను. తిట్టు అన్నాను.

ఆమె తిట్టలేదు. కొంచెం నీళ్ళు తాగింది. తర్వాత నా వైపు తిరిగి, నెమ్మదిగా, కోపం లేని గొంతుతో మాట్లాడింది.

“నేను లేనని సచ్చిపోయిందనుకున్నానక్కా. నేను లేకుంటే బతకలేని పానం ఈ లోకంలో ఒకటి ఉండిందనుకున్నా. ఏడుస్తా ఉన్నా గానీ, ఆ మాట తలుసుకునే దినాలు తోస్తా ఉన్నా. అది గూడా నాకు లేకుండా సేయనీకి ఇంత దూరం వస్తివే.”

ఆమె పొరపాటు పడుతోందని, నేను వచ్చింది ఆమె మేలు కోసమని చెప్పడానికి నోరు తెరిచాను. ఆ మాటలు అబద్ధం కాదు, అయినా పలకలేకపోయాను. ఏడేళ్ళు నాన్నను ఎత్తి దించిన ఆమె చేతులు ఒళ్ళో ఖాళీగా ఉన్నాయి. వాటిని పట్టుకోవాలనిపించింది, పట్టుకోనిస్తుందన్న నమ్మకం లేకపోయింది.

ఆమె గోడ మీది గడియారం చూసి, మదనపల్లె బస్సు మూడున్నరకు ఒకటుందని, ఇప్పుడు బయలుదేరితే అందుతుందని చెప్పింది. నేను బట్టల సంచి విప్పకుండానే తీసుకుని బస్టాండుకు నడిచాను.